మూడు మణుగుల పెట్టె

వకుళ ఆ కొండను పైనుంచి చూసేనాటికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ కొండ గీతను మాత్రం పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉంది. ఈ రెండూ ఒకటేనని తెలిసిన క్షణాన ఆమె చేతిలో విమానం ఉండటం, అది నేలకు పన్నెండు వందల అడుగుల ఎత్తున ఉండటం కాస్త ఇబ్బందే అయింది. రెక్క వంచి కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయింది. విమానం ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టూ తిరిగింది.

పక్క సీట్లో కోదండపాణి ఒళ్ళోంచి జారిపోతున్న మ్యాపును పట్టుకుని, అమ్మాయికి కళ్ళు గానీ తిరిగాయేమోనని ఆమె ముఖం ముందు చెయ్యి ఆడించాడు. వెనక విమానంలోంచి మౌలాలి రేడియోలో అందుకున్నాడు. గద్దలాగా చుట్లు కొడుతున్నావు, కింద కోడిపిల్లలేమన్నా కనబడ్డాయా చెల్లెమ్మా అని అడిగాడు.

"కోడిపిల్లలు కాదన్నా," అంది వకుళ. "మా తాత కనబడినాడు."

రేడియోలో మౌలాలి మైకును రెండుసార్లు తట్టి చూసిన చప్పుడు వినబడింది.

వీళ్ళ ముగ్గురిదీ నంద్యాల. వకుళ బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు నడుపుతుంది. మౌలాలికి బేకరీ ఉంది. కోదండపాణి వాయుసేనలో ఇంజన్లు విప్పి బిగించి రిటైరైన మనిషి. ఆయన ఏ విమానాన్నైనా బాగు చేస్తాడు గానీ నడపడు. ముగ్గురూ కలిసి ఒక రేకుల షెడ్డులో ఐదేళ్ళపాటు చెమటోడ్చి, ఇద్దరిద్దరు పట్టే రెండు చిన్న విమానాలు కట్టుకున్నారు. ఒకటి పిచ్చుక, ఒకటి గోరింక. ఏటా వేసవిలో, చెరువులెండి నేల గట్టిపడ్డాక, అనుమతి కాగితాలు జేబులో పెట్టుకుని ఊళ్ళకు దూరంగా ఎగిరిపోతారు. ఏదో ఒక ఎండిన చెరువు కడుపులో దిగి, రెక్కల నీడన గుడారాలు వేసి, నాలుగు రోజులు వండుకుతిని, కొండలన్నీ పైనుంచి చూసి, తొలకరి పడకముందే తిరిగొస్తారు. ఇళ్ళలో వాళ్ళు దీన్ని పిచ్చి అంటారు. వీళ్ళూ కాదనరు.

ఈ పిచ్చికి ఒక రాజ్యాంగం ఉంది, దాని పేరు కోదండపాణి కాటా. వంద కిలోల దాకా తూగే స్ప్రింగు కాటా ఒకటి ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఎగిరే ముందు ప్రతి సంచీ, ప్రతి గిన్నే, ప్రతి మనిషీ దానికి వేలాడవలసిందే. చిన్న విమానానికి బరువే యముడు అంటాడాయన. మౌలాలి తన బేకరీనుంచి తెచ్చి దాచుకున్న తీపి దిల్‌పసందుల డబ్బా ఆయన కాటాకు చిక్కని రోజు లేదు. పోయినేడు దువ్వెన కూడా తూచాడని మౌలాలి ఊరంతా చెప్పుకున్నాడు. అది అబద్ధం, తూచింది సబ్బుపెట్టెను.

ఆ సాయంత్రం చెరువు మధ్యన పొయ్యి వెలిగించుకుని కూచున్నాక వకుళ మిగతా ఇద్దరికీ తాత కథ చెప్పింది.

వాళ్ళమ్మ తండ్రి బొమ్మల ఓబులేసు గుమ్మిదాలపల్లెలో తోలుబొమ్మలాట ఆడించేవాడు. బొమ్మలన్నీ ఒక టేకుపెట్టెలో ఉండేవి. పెట్టె ఆయన ఇంట్లో ఉన్నా అది ఊరి సొత్తు. తెరమీద తప్ప ఇంకెక్కడా బొమ్మల్ని ఎవరూ చూడకూడదని ఆ ఊరి ఆచారం, కనుక మూత తీసి లెక్కచూసే వీల్లేదు. దానికి ఊరు ఒక ఉపాయం పెట్టుకుంది. ఏటా జాతరనాడు పెట్టెను ఊరి కాటాకు వేలాడదీసి, అందరి ముందూ తూచి, తూకం సరిపోయాకే తెర కట్టించేవారు. తూకం మూడు మణుగులు. మణుగంటే ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైమాట. ఉత్త తోలుబొమ్మలు అంత బరువుంటాయా, అడుగున పాలెగాడు దాచిన బంగారం ఉందని ఊళ్ళో ఒక పుకారు. అదెప్పుడు పుట్టిందో ఎవరికీ తెలీదు గానీ బాగా పెరిగింది. చివరికి ఊరు రెండు ముఠాలై, పెట్టె మాదంటే మాదని కత్తులు నూరుకున్నారు. పెట్టెను పగలగొట్టి పంచుకుంటారని భయపడి ఓబులేసు ఒకనాడు దాన్ని భుజానికెత్తుకుని కొండల్లోకి పోయాడు. నాలుగో రోజున జోరువానలో చలిజ్వరంతో దిగివచ్చాడు. చంకలో ఒకే ఒక బొమ్మ ఉంది, జనాన్ని నవ్వించే పిలకవాడి బొమ్మ. దాన్ని కూతురు తిరుపాలమ్మ చేతిలో పెట్టి ఏదో చెప్పబోయాడు. పళ్ళు కొట్టుకోవటమే తప్ప మాట రాలేదు. రెండు రోజులకు పోయాడు.

ఓబులేసు బంగారం అమ్ముకున్నాడని ఊరు తేల్చేసింది. అన్ని విషయాల్లో కొట్టుకుచచ్చే రెండు ముఠాలూ ఈ ఒక్క మాట మీద మాత్రం చక్కగా కలిసిపోయాయి. ఇరవయ్యేళ్ళ తిరుపాలమ్మ మూట కట్టుకుని, ఊరిబావి దగ్గర నిలబడి, మా నాయన దొంగ కాదని మీ నోటితో మీరు చెప్పేదాకా ఈ ఊరి నీళ్ళు ముట్టనని చెప్పి బయటికొచ్చేసింది. యాభై రెండేళ్ళయింది. ఇప్పటికీ ముట్టలేదు.

"ఆ పిలకవాడి వీపున మసితో గీసిన గీత ఒకటి ఉంది," అంది వకుళ. "మూడు వేళ్ళ చెయ్యి. నడిమి వేలి మొదట్లో ఒక చుక్క. కొత్త బొమ్మకు చెయ్యి కత్తిరించడానికి గీసుకున్నాడేమోలే అంటుంది అమ్మ. పొద్దున నేను చూసిన కొండ అదే. మూడు కొమ్ములూ అవే."

మౌలాలి చేతిలోని రొట్టె పక్కన పెట్టేశాడు. పాలెగాడి బంగారం అన్న మాట దగ్గరే ఆయన ఆకలి పోయింది. బేకరీకి కొత్త బోర్డు, దాని చుట్టూ లైట్లు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కోదండపాణి మాత్రం పొయ్యిలో పుల్ల ఎగదోసి, ఆ కొండ మీద ఎంత దూరం చదునుగా ఉందని అడిగాడు. నాలుగు వందల యాభై అడుగులు ఉండొచ్చు, ఆ తర్వాత లోయ అని చెప్పింది వకుళ. దిగొచ్చు, లేవడమే కష్టం అన్నాడాయన. అని, సంచిలోంచి కాటా బయటికి తీశాడు. ఆయన ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ అర్థమైంది.

తెల్లారగానే రెండు విమానాలూ ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఎర్రటి కొండచరియలు కిందినుంచి జరిగిపోతుంటే, పడమట మాత్రం ఆకాశం అంచున నల్లని గీత ఒకటి కనిపించింది. తొలకరి ఒక రోజు ముందే బయల్దేరినట్టుంది. కోదండపాణి దాన్ని చూసి గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికల్లా దిగువకు రావాలి, ఆ కొండ మీది నల్లరేగడి తడిస్తే చక్రాలు కూరుకుపోతాయి, మళ్ళీ దసరాదాకా విమానాలు అక్కడే ఉంటాయని హెచ్చరించాడు.

పిచ్చుక మూడు వేళ్ళ కొండ అరచేతిలో రెండు గంతులు వేసి ఆగింది. గోరింక నాలుగు గంతులు వేసింది. ఆ చప్పుడుకు పొదల్లోంచి ముప్పై మేకలు నాలుగు దిక్కులా పరుగెత్తాయి. వాటి వెనకే ఒక పెద్దాయన కంబళి భుజాన వేసుకుని, కర్ర ఎత్తుకుని వచ్చాడు.

"ఎవరప్పా మీరు? దిగేదానికి మీకు యాడా జాగా దొరకలేదా? మేకలన్నీ చెదిరిపాయ గదప్పా," అన్నాడు. ఆకాశంలోంచి మనుషులు దిగారన్న ఆశ్చర్యం ఆయనకు ఏ కోశానా లేదు, బాధంతా మేకల గురించే.

ఆయన పేరు బీరప్ప. మౌలాలి ఇచ్చిన దిల్‌పసందు ముక్క రుచి చూశాక కోపం చల్లారింది. ఓబులేసు పేరు వినగానే కర్ర కింద పెట్టాడు. వాళ్ళ నాయన చెప్పేవాడట, వెనకటి రోజుల్లో ఈ కొండకు మంచి మెట్లదారి ఉండేదని, ఓబులేసు పోయిన ఏడాది వానలకే అది కూలిపోయిందని. ఇప్పుడున్నది మేకదారి ఒక్కటే. దాని మధ్యలో ఒక సందు ఉంది, మనిషి పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టి దూరాలి. వకుళ మసిగీతను కాగితం మీద గీసి చూపిస్తే, ఎదుటి గాడిదకొండ ఎక్కి చూస్తే ఇట్లే కనబడుతుందన్నాడు. నడిమి వేలి మొదట్లో బలుసుపొదల వెనక ఒక బిలం ఉందని, పోయిన వానాకాలం అందులో తన మేక ఒకటి పడిపోయిందని కూడా చెప్పాడు.

పొదలు నరికితే బిలం బయటపడింది. బావి మూతిలాగా గుండ్రంగా, చీకటిగా ఉంది. లోపలినుంచి చల్లని గాలి కొట్టింది. తాడు ఒక బండకు కట్టి, తలకు లైటు పెట్టుకుని వకుళ ముందు దిగింది. వెనక బీరప్ప చెప్పుల్లేకుండా బల్లిలా దిగాడు. మౌలాలి, కోదండపాణి పైన తాడు పట్టుకుని నిలబడ్డారు.

ఇరవై అడుగుల లోతున కాలికి నేల తగిలింది. సున్నపురాతి గోడలు నున్నగా మెరుస్తున్నాయి. లైటు పడగానే కప్పునుంచి వందల గబ్బిలాలు ఒక్కసారిగా లేచి చెవుల పక్కనుంచి దూసుకుపోయాయి. ఇద్దరూ తలలు మోకాళ్ళలో దాచుకుని కూచున్నారు. అవి వెళ్ళిపోయాక గుహ కుడివైపుకు తిరిగింది. ముందు వంగి నడిచారు, తర్వాత పాకారు, తర్వాత నడుం లోతు నీళ్ళలో గోడ పట్టుకుని జరిగారు. నీళ్ళ అడుగున రాయి జారుడుగా ఉంది. ఒకచోట వకుళ కాలు తప్పి మెడదాకా మునిగింది. బీరప్ప జడ పట్టుకుని పైకి లాగాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చినా, ఆమె జడ ఉన్నందుకు సంతోషించింది.

గుహ చివర గోడకు ఒక రాతి అరుగు ఉంది. దాని మీద, కంబళి కప్పుకుని, యాభై రెండేళ్ళుగా ఎవరూ ముట్టని టేకుపెట్టె ఉంది.

వకుళ చెయ్యి చాచి, ముట్టకుండా ఆపేసింది. తాత ముఖం ఆమె ఎరగదు. ఫోటో కూడా లేదు. ఆయన కప్పిన కంబళి మడత ఎంత జాగ్రత్తగా ఉందంటే, పసిపిల్లను పడుకోబెట్టి వెళ్ళినట్టుంది.  బీరప్ప మాత్రం గోడను చేత్తో తడిమి చూస్తున్నాడు. ఏటేటా పెరిగిన నీటిచారలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చిట్టచివరిది అరుగుకు జానెడు కిందే ఉంది.

"పైన రాళ్ళు కూలి నీళ్ళు పోయే దారి పూడుకుపోతాందమ్మా," అన్నాడు. "ఈ వానకు ఇది మునుగుతాది. తీస్తే ఈపొద్దే తీయాల."

పెట్టెను కంబళిలోనే చుట్టి, ఇద్దరూ తలల మీద పెట్టుకుని నీళ్ళు దాటించారు. బిలం కిందికి చేర్చి తాడు కట్టి, లాగమని కేకేశారు. పెట్టె గుండ్రంగా తిరుగుతూ లేచింది. పది అడుగులు లేచాక తాడు రాతి అంచుకు ఒరుసుకుని ఒక పోగు తెగింది. ఇంకో పోగు తెగింది. కింద వకుళ నెత్తి మీదే ఉంది అది.

"పక్కకు జరుగు! మౌలాలీ, తాడు వదిలితే చంపేస్తా!" అని అరిచాడు కోదండపాణి. అరుస్తూనే బోర్లా పడుకుని, చొక్కా విప్పి మడిచి రాతి అంచుకూ తాడుకూ మధ్య దూర్చాడు. మౌలాలి రొట్టెలపిండి పిసికిన చేతులు ఆ పూట పనికొచ్చాయి. పెట్టె అంచు దాటి బయటపడి, గడ్డిలో దొర్లి, తుప్పు పట్టిన తాళం ఊడి, మూత తెరుచుకుంది.

వకుళ పైకొచ్చేసరికి మౌలాలి పెట్టె ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక్కొక్క పొరా ఎత్తి చూస్తున్నాడు. ఎరుపు, పచ్చ, నలుపు రంగుల బొమ్మలు, వేపాకుల పొడి మధ్య, నిన్న పెట్టినట్టున్నాయి. ఎండకు పట్టుకుంటే వెలుతురు వాటిలోంచి దూసుకొస్తోంది. అడుగున నాలుగు ఇత్తడి దీపాలు, చేతితాళాల జోడు, గజ్జెలు. అంతే. బంగారం గవ్వంత కూడా లేదు.

బేకరీ బోర్డు ఆరిపోయినా మౌలాలి నవ్వేశాడు. నవ్వనిది వకుళే. ఆమె చతికిలబడి చేతుల్లో తల పెట్టుకుంది. బంగారం లేని పెట్టె తీసుకుపోతే ఊరేమంటుంది? ఓబులేసు బంగారం తీసుకుని ఖాళీ పెట్టె గుహలో దాచాడంటుంది. ఇన్నాళ్ళూ అనుమానం, ఇప్పుడు రుజువు. అమ్మ ముఖం ఎట్లా చూడాలి?

కోదండపాణి బొమ్మలన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్ది, మూత వేసి, తాళాన్నీ తాడుతో దానికే కట్టి, పక్కనున్న తుమ్మచెట్టు కొమ్మకు కాటా తగిలించాడు. పెట్టెను కొక్కేనికి వేలాడదీశాడు. ముల్లు ఊగి ఊగి ముప్పై మూడున్నర దగ్గర నిలబడింది. అర కిలోకొక గీత ఉన్న కాటా అది, అంతకంటే సన్నంగా చెప్పలేదు.

"మూడు మణుగులు ఎంతన్నావు?"

వకుళ తల ఎత్తింది. మనసులో లెక్క కట్టింది. ముప్పై మూడున్నర, ఇంకో పిసరు.

టేకు చెక్క, ఇనప పట్టీలు, ఇత్తడి దీపాలు. ఆ బరువంతా వీటిదే. బంగారం ఏనాడూ లేదు. జాతర జాతరకూ ఊరు తన చేత్తో తూచింది ఈ బరువునే. పెట్టెను ఇట్లాగే తీసుకుపోయి ఊరి కాటాకు వేలాడదీస్తే చాలు, తాత నిర్దోషి. ఒక్క గజ్జె రాలినా మళ్ళీ దొంగే.

ఉరుము వినిపించింది. పడమటి గీత ఇప్పుడు సగం ఆకాశమైంది. ఒంటిగంట దాటింది.

కోదండపాణి గబగబా లెక్క వేశాడు. ఈ కొద్ది జాగాలో, ఈ వేడిగాలిలో, ఇంధనం పోను ఒక్కో విమానం నూట యాభై కిలోలు మోస్తుంది. గోరింక వెనక జాగా ఇరుకు, పెట్టె పట్టదు; పక్క సీట్లో పెడితే విమానం నడిపే కడ్డీ ఆడదు. మౌలాలి ఒక్కడే తొంభై ఒకటి. కాబట్టి పెట్టె పిచ్చుకలోనే. వకుళ యాభై నాలుగు, పెట్టె ముప్పై మూడున్నర, తను అరవై రెండు. మొత్తం నూట నలభై తొమ్మిదిన్నర. గుడారాలు, గిన్నెలు, నీళ్ళ క్యాన్లు బీరప్పకు ఇచ్చేశారు. దిల్‌పసందుల డబ్బా కూడా. మౌలాలి దానికి సలాం పెట్టి సాగనంపాడు.

మూడు వందల అడుగుల దగ్గర ఒక తెల్లగుండు ఉంది. దాని దగ్గరికొచ్చేలోపు చక్రాలు లేవకపోతే ఆపెయ్యాలని నియమం పెట్టుకుని, వకుళ ఇంజను హోరెత్తించింది. పిచ్చుక ఉరికింది. గడ్డి వెనక్కి పోయింది, పొదలు వెనక్కి పోయాయి. తెల్లగుండు ఎదురుగా వచ్చేసింది. చక్రాలు ఇంకా నేలను గీరుతూనే ఉన్నాయి. ముందు కొండ అంచు, దాని అవతల ఏమీ లేదు.

ఆమె ఇంజను కట్టేసి బ్రేకులు తొక్కింది. పిచ్చుక ఈడ్చుకుంటూ పోయి అంచుకు పదిహేనడుగుల ఇవతల ఆగింది. ముందు చక్రం తన్నిన గులకరాయి ఒకటి లోయలోకి పోయింది. అది కింద పడిన చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు.

కోదండపాణి దిగి ఇంజను చూశాడు, బాగుంది. టైర్లు చూశాడు, బాగున్నాయి. పెట్టెను మళ్ళీ తూచాడు, అంతే ఉంది. వకుళను తూచాడు, యాభై నాలుగు. లెక్క తప్పడానికి వీల్లేదని గొణుగుతూ తిరుగుతున్నాడు. వకుళకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో ఆ కాటాకు అందరూ వేలాడారు. దువ్వెన తప్ప అన్నీ వేలాడాయి. ఒక్క మనిషి మాత్రం ఎన్నడూ వేలాడలేదు.

"సార్," అంది నెమ్మదిగా, "మీ అరవై రెండు ఎప్పటిది?"

ఆయన ఛాతీ విరిచాడు. వాయుసేన వైద్య పరీక్షలో స్వయంగా డాక్టరు రాసిన అంకె అన్నాడు. ఏ సంవత్సరమని అడిగితే కాసేపు ఆలోచించి, ఎనభై తొమ్మిది అన్నాడు.

మౌలాలి తాడుతో ఉయ్యాల కట్టి, ఆ పెద్దమనిషిని అందులో కూచోబెట్టి, తుమ్మకొమ్మకు ఎత్తాడు. ముల్లు అరవై దాటింది, అరవై ఐదు దాటింది, డెబ్భై దాటింది. డెబ్భై మూడు దగ్గర ఆగింది. కోదండపాణి ఉయ్యాలలో ఊగుతూ ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయాడు. బీరప్ప నోట్లో దిల్‌పసందు పెట్టుకుని, మేకపోతు తూగినట్టు తూగినాడే అన్నాడు. అంత వాన ముంచుకొస్తున్నా వకుళకు నవ్వు ఆగలేదు.

ఇత్తడి దీపాలు నాలుగూ తీసి బీరప్పకిస్తే తర్వాత తెచ్చుకోవచ్చు గదా అన్నాడు మౌలాలి. కోదండపాణి ఉయ్యాలలోంచి దిగి బట్టలు సర్దుకున్నాడు. ముఖం ఎర్రబడింది గానీ గొంతు గట్టిగానే ఉంది.

"పెట్టెలోంచి గోరంత కూడా తియ్యొద్దు. తియ్యాల్సింది నన్ను. వకుళమ్మా, నువ్వు పో. నేను మేకదారిన వస్తా."

అరవై నాలుగేళ్ళ మనిషి, వాన, కొండచరియ. వకుళ ఒప్పుకోనంది. ఆయన వినలేదు. తప్పు లెక్క ఇచ్చింది తనేనని, ఆ బరువు తనే కాళ్ళ మీద దింపుకుంటానని అన్నాడు. బీరప్ప ఆయన భుజం మీద చెయ్యేసి, నా మేకల కంటే పదిలంగా దింపుతాలే పో తల్లీ అన్నాడు.

మొదటి చినుకు రెక్క మీద పడింది. మౌలాలి ముందు లేచాడు. గోరింక తెల్లగుండుకు చాలా ఇవతలే గాలిలోకి ఎక్కింది. వకుళ పక్క సీటు ఖాళీగా, వెనక పెట్టెతో బయల్దేరింది. నేల మెత్తబడుతున్నట్టు చక్రాల కింద తెలుస్తోంది. తెల్లగుండు దగ్గరపడింది. ఇంకా దగ్గరపడింది. కడ్డీ మెల్లగా వెనక్కి లాగింది. చక్రాల గరగర ఆగిపోయింది. తెల్లగుండు కిందినుంచి పోయింది, కొండ అంచు కిందినుంచి పోయింది, లోయ నోరు తెరిచింది. పిచ్చుక ఒక్కసారి కిందికి జారి, రెక్కలు తేరుకుని, వానకు ముందు వరుసలో చెరువు వైపు ఎగిరింది. వకుళ గట్టిగా పాట ఎత్తుకుంది. గొంతు బాగుండదని ఎవరూ లేనప్పుడే పాడుతుంది.

వకుళ, మౌలాలి విమానాలను చెరువుగట్టు మీది గట్టినేలకు నెట్టి కట్టేశాక, పొద్దుగూకే వేళకు కోదండపాణి అక్కడికి చేరాడు. నిలువునా తడిసి, మోకాళ్ళు చీరుకుపోయి ఉన్నాడు. సందులో అరగంట ఇరుక్కున్నాడట. బీరప్ప ముందునుంచి లాగితే, ఒక మేకపోతు వెనకనుంచి పొడిస్తే బయటపడ్డానని తనే చెప్పాడు. ఎవరూ అడగకముందే కాటా తీసి కొమ్మకు తగిలించి, తను వేలాడి, డెబ్భై రెండున్నర అని తూకాల పుస్తకంలో మొదటి వరుసలో రాసుకున్నాడు.

తర్వాతి ఆదివారం గుమ్మిదాలపల్లె చావడి ముందు ఊరంతా చేరింది. తిరుపాలమ్మ జీపు దిగింది. చేతిలో సంచి, సంచిలో నంద్యాల నీళ్ళ సీసా. ఊరి పొలిమేర తొక్కి యాభై రెండేళ్ళయినా బావి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఊరి కాటాను పెద్ద నరసింహులు అటక మీంచి దింపించాడు. ఎనభై ఏళ్ళుంటాయి. ఆఖరి జాతరకు కాటా పట్టినవాడు ఆయనే, ఆ తర్వాత ఓబులేసును దొంగ అని మొదట అరిచినవాడూ ఆయనే. వకుళ మూత తీసి ఎవరికీ చూపించలేదు. తూచండి తాతా, అంతకంటే ఏమీ వద్దు అంది.

ఒక తట్టలో పెట్టె, ఒక తట్టలో మూడు మణుగుల రాళ్ళు. కాడ లేచింది, ఊగింది, నిలబడింది. రాళ్ళ వైపు ఒకింత వాలే నిలబడింది. నరసింహులు పెట్టె వైపు చిన్నరాయి ఒకటి వేశాడు. అప్పుడు సరిపోయింది.

"ఒక శేరు తక్కువ," అన్నాడాయన. శేరంటే పావు కిలోకు కాస్త ఎక్కువ.

జనంలో గుసగుస లేచింది. శేరు బంగారమంటే తక్కువా అన్నారెవరో.  కొండ మీది కాటా అంత సన్నని తేడా చూపలేదు. కోదండపాణి తన సంచీ, జేబులూ వెతుక్కున్నాడు, ఏదన్నా రాలిందేమోనని. మౌలాలి జీపు కిందికి వంగి చూశాడు.

తిరుపాలమ్మ మాత్రం వెతకలేదు. సంచి విప్పింది. పాతచీర మడతలోంచి పిలకవాడి బొమ్మను తీసింది. వెదురుపుల్లలతో సహా, వీపున మసిగీతతో సహా. తెల్లారితే గోడకు, రాత్రయితే తలాపికి, యాభై రెండేళ్ళు తన దగ్గరున్నది అదొక్కటే. తండ్రి దారి గీయడానికి పెట్టెలోంచి తీసినది కూడా అదొక్కటే. ఆమె నడిచివచ్చి దాన్ని పెట్టె మీద పడుకోబెట్టింది. నరసింహులు చిన్నరాయి తీసేశాడు.

కాడ ఊగింది. ఈసారి చాలాసేపు ఊగింది. తర్వాత నేలకు సమంగా, అటూ ఇటూ కాకుండా నిలబడిపోయింది.

 నరసింహులు కాటా కింద పెట్టి, తలకు చుట్టిన గుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఊరి వైపు తిరిగి, అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"మూడు మణుగులు. ఓబులేసు దొంగ కాదు. నేను తప్పు కూసినా."

 తిరుపాలమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి వకుళకిచ్చి, చావడి అరుగు మీద కూచుంది.

"నరసింహులన్నా," అంది, "దాహమేస్తాంది. బావి నీళ్ళు ఒక చెంబు ఇప్పించు."